స్వీడన్‌లో మూడో స్థానంలో వచ్చిన పార్టీ నాయకుడు ప్రధాని ఎట్లైండు?

కిస్టా_కుర్రాడు

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. 2024 ఏప్రిల్‌ల స్టాక్‌హోమ్ వచ్చిన, కిస్టాల ఉద్యోగం. ఆఫీసుల కాఫీ దగ్గర 2026 ఎన్నికల ముచ్చట అప్పుడే షురూ అయింది. వాళ్ళ మాటలు వింటుంటే ఒక్క విషయం మాత్రం అస్సలు సమజైతలేదు.

2022 ఫలితాలు తీసి చూసిన. సోషల్ డెమోక్రాట్లకు 30.3 శాతం ఓట్లు, 107 సీట్లు. ఫస్ట్ వాళ్ళే. స్వీడన్ డెమోక్రాట్లకు 20.5 శాతం, 73 సీట్లు. మోడరేట్లకు 19.1 శాతం, 68 సీట్లు. ప్రధాని ఎవరంటే ఆ మూడో పార్టీ ఉల్ఫ్ క్రిస్టెర్సన్! రెండో పార్టీకి ఒక్క మంత్రి పదవి లేదు, కానీ సర్కారు నడిచేది వాళ్ళ మద్దతుతోనే అంటరు. మా టీమ్‌ల ఒక పెద్దాయనను అడిగితే "ఆయన్ని వద్దన్నోళ్ళు సరిపడా లేరు, అంతే" అని కప్పు పట్టుకొని పోయిండు.

మన దగ్గరైతే గవర్నరో రాష్ట్రపతో పిలుస్తరు. ఇక్కడ పిలిచేదెవరు, రాజుగారా? ఇంకోటి, నాకు ఓటు ఉందా? ఒకాయన ఉందంటడు, ఇంకొకాయన లేదంటడు. వికీపీడియా లింకులు పెట్టకండి, చదివిన. ఇక్కడ ఉన్నోళ్ళు చెప్తే వినాలని అడుగుతున్న.

మేలారెన్_ఒడ్డున

తమ్ముడూ, మీ పెద్దాయన చెప్పాల్సిందంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు. కాకపోతే ఇక్కడివాళ్ళ పద్ధతిలో చెప్పాడు, సగం నోట్లోనే ఉంచుకుని. మిగతా సగం నేను చెప్తాను, కాస్త పొడుగైతే ఏమనుకోకు. మాది తెనాలి. వెస్టెరోస్‌లో చిన్నపిల్లల బడిలో టీచర్ని. 2022లో మా పేట స్కూల్లో పోలింగ్ సిబ్బందిగా కూర్చున్నాను కాబట్టి ఈ ఎన్నికల మీద నాకు కాస్త మమకారం ఎక్కువ.

ముందు రాజుగారి సంగతి తేల్చేద్దాం. ఆయనకి ఇందులో ఏ పాత్రా లేదు. 1975లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ఆ పని తీసేసి పార్లమెంటు స్పీకర్‌కి ఇచ్చారు. ఎన్నికలయ్యాక స్పీకర్ పార్టీ నాయకుల్ని ఒక్కొక్కళ్ళనే పిలిచి మాట్లాడతాడు. ఎవరు నెగ్గుకు రాగలరనిపిస్తే వాళ్ళ పేరు సభ ముందు పెడతాడు. అసలు కిటుకు ఆ తర్వాతి ఓటింగులో ఉంది. రిక్స్‌డాగ్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, 349 మంది. ఆ మనిషికి 175 మంది "సరే" అనక్కర్లేదు. 175 మంది "వద్దు" అనకపోతే చాలు. ఎటూ ఓటెయ్యకుండా ఊరుకున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టే లెక్క. మన ఇళ్ళల్లో ఒక్కోసారి అందరికీ నచ్చిన సంబంధం కాకుండా, ఎవరూ గట్టిగా అడ్డుపడని సంబంధం ఖాయమవుతుంది చూడు, అలాగన్నమాట.

ఇది ఎంత దూరం పోతుందో చెప్తాను. 2018 ఎన్నికల్లో వామపక్షం వైపు 144, కుడిపక్షం వైపు 143, వలసల్ని గట్టిగా వ్యతిరేకించే, ఎవరూ చేరదీయని స్వీడన్ డెమోక్రాట్లకు 62. ప్రభుత్వం ఏర్పడటానికి 134 రోజులు పట్టింది. చివరికి 2019 జనవరిలో సోషల్ డెమోక్రాట్ల నాయకుడు స్టెఫాన్ లొవేన్‌కి అనుకూలంగా పడ్డవి 115 ఓట్లు. వ్యతిరేకంగా 153. తటస్థులు 77 మంది. కావాలన్నవాళ్ళకంటే వద్దన్నవాళ్ళే ఎక్కువ. అయినా 175 కాలేదు కాబట్టి ఆయనే ప్రధాని.

అంతకంటే విచిత్రం 2021 నవంబర్ 24. ఆ రోజు మా స్టాఫ్ రూమ్‌లో పని ఎవరికీ సాగలేదు, అందరం ఫోన్లు చూస్తూ కూర్చున్నాం. ఉదయం అదే పార్టీ మాగ్డలెనా ఆండర్సన్‌కి ఓటింగు: అనుకూలం 117, వ్యతిరేకం 174, తటస్థం 57. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కి స్వీడన్‌కి మొదటి మహిళా ప్రధాని అయింది. అదే రోజు బడ్జెట్ ఓటింగు. బడ్జెట్‌కి ఈ "వద్దనకపోతే చాలు" లెక్క వర్తించదు, పోటీలో ఉన్నవాటిలో ఎక్కువ ఓట్లు పడ్డదే నెగ్గుతుంది. నెగ్గింది ప్రతిపక్షాల బడ్జెట్. స్వీడన్ డెమోక్రాట్లు చెయ్యివేసిన బడ్జెట్‌ని అమలు చేసే ప్రభుత్వంలో మేం ఉండం అని గ్రీన్ పార్టీ బయటికొచ్చేసింది. సంకీర్ణంలో ఒక పార్టీ వెళ్ళిపోతే ప్రధాని తప్పుకోవడం ఇక్కడి ఆనవాయితీ. దాంతో ఎన్నికైన కొన్ని గంటలకే ఆవిడ రాజీనామా. మళ్ళీ 29న ఓటింగు పెడితే అనుకూలం 101, వ్యతిరేకం 173. ఈసారి సోషల్ డెమోక్రాట్లు ఒక్కళ్ళే ప్రభుత్వం, చేతిలో ఎదుటివాళ్ళ బడ్జెట్. దాదాపు ఏడాది అలాగే లాక్కొచ్చింది మహాతల్లి. నాకు ఆవిడంటే గౌరవం, దాచుకోను.

ఇప్పుడు నువ్వడిగిన 2022. పార్టీల వరస పక్కన పెట్టి రెండు వైపులా కూడి చూడు. మోడరేట్లు 68, స్వీడన్ డెమోక్రాట్లు 73, క్రిస్టియన్ డెమోక్రాట్లు 19, లిబరల్స్ 16. మొత్తం 176. అటువైపు సోషల్ డెమోక్రాట్లు 107, లెఫ్ట్ 24, సెంటర్ 24, గ్రీన్ 18. మొత్తం 173. ఆండర్సన్ మళ్ళీ నిలబడితే 176 మంది వద్దంటారు, కుదరదు. మరి రెండో పార్టీ నాయకుడు జిమ్మీ ఓకెసన్ ఎందుకు కాలేదు? ఆయన పార్టీ మంత్రివర్గంలో కూర్చుంటే మేం ఉండం అని లిబరల్స్ తెగేసి చెప్పారు. వాళ్ళ 16 తీసేస్తే మిగిలేది 160. నలుగురిలో మిగతా ముగ్గురూ అడ్డుచెప్పని మనిషి క్రిస్టెర్సన్ ఒక్కడే. అక్టోబర్ 17న 176 అనుకూలం, 173 వ్యతిరేకంతో ఎన్నికయ్యాడు.

స్వీడన్ డెమోక్రాట్లు ఊరికే మద్దతివ్వలేదు. మా ఊరికి దగ్గర్లోనే మేలారెన్ సరస్సు పక్కన టిడో అని ఒక కోట ఉంది. 1600ల్లో ఈ దేశపు ఛాన్సలర్ ఆక్సెల్ ఊక్సెన్‌స్టియెర్నా కట్టించింది. ఒకప్పుడు అక్కడ బొమ్మల మ్యూజియం ఉండేది. చర్చలు కొన్ని అక్కడ జరిగాయని ఒప్పందానికి ఆ కోట పేరే పడింది. 2022 అక్టోబర్ 14న నాలుగు పార్టీలూ దాన్ని బయటపెట్టాయి. నేరాలు, వలసలు, కరెంటు, అణువిద్యుత్తు, అన్నీ పేజీల కొద్దీ రాసుకున్నారు. మంత్రి పదవులు లేకపోయినా ప్రభుత్వ కార్యాలయంలోనే స్వీడన్ డెమోక్రాట్ల సిబ్బంది కూర్చుని ఫైళ్ళు చూస్తారు. పార్లమెంటులో న్యాయ వ్యవహారాలు, విదేశాంగం లాంటి కమిటీల అధ్యక్ష స్థానాలు కూడా వాళ్ళకే దక్కాయి.

ఇది నీకు దూరపు సంగతేం కాదు సుమా. వర్క్ పర్మిట్‌కి ఉండాల్సిన కనీస జీతం 13,000 క్రోనర్లు ఉండేది, 2023 నవంబర్ నుంచి 27,360 అయింది. జీతం హద్దు పెంచాలన్నది ఆ టిడో కాగితంలోనూ ఉంది. మావాళ్ళలో రెస్టారెంట్లలో, ఇళ్ళ దగ్గర సాయం పనుల్లో ఉన్నవాళ్ళకి అది ఎంత గుబులు పుట్టించిందో నేను చూశాను. నీలాంటి సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి తెలిసే అవకాశం లేదు.

ఓట్ల లెక్కింపు గురించి ఒక్క మాట. ఇక్కడ ఈవీఎంలు లేవు, వేలికి సిరా లేదు. పార్లమెంటుకి పసుప్పచ్చ కాగితం, ప్రాంతీయ సభకి నీలం, మున్సిపాలిటీకి తెలుపు. ఒక్కో పార్టీకి వేరే వేరే కాగితాలు. కావాల్సినది తీసుకుని, కవర్లో పెట్టి, గుర్తింపు కార్డు చూపిస్తే జాబితాలో టిక్కు పెట్టి డబ్బాలో వేస్తాం. రాత్రి 8కి తలుపులేస్తాం కానీ తాళం వెయ్యం. లెక్కింపు అందరి ఎదుటా జరగాలి, దారినపోయేవాళ్ళు కూడా లోపలికొచ్చి చూడొచ్చు. ఆ రోజు మా జిమ్ హాల్లో ఒక పెద్దాయన బల్ల మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న బ్రెడ్డు తింటూ చివరిదాకా కదల్లేదు. మేం కట్టలు కట్టి, మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి, అంకెలు ఫోన్లో చెప్పాం.

ఇంటికొచ్చేసరికి టీవీలో రెండు వైపులా అంకెలు ఊగుతున్నాయి. సాయంత్రం ఎగ్జిట్ పోల్‌లో ఆండర్సన్ వైపు కాస్త మొగ్గు, తెల్లారేసరికి ఎదురు. తేడా మరీ తక్కువ కావడంతో ముందస్తు ఓట్లలో ఆలస్యంగా వచ్చినవి, విదేశాలనుంచి వచ్చినవి లెక్కపెట్టే బుధవారం దాకా ఆగాల్సొచ్చింది. బుధవారం రాత్రి ఆండర్సన్ ఓటమి ఒప్పుకుంది. గొడవ లేదు, కోర్టు లేదు, రిసార్టుల్లేవు.

అసలు ఆ ఎన్నికని తేల్చింది నా దృష్టిలో లిబరల్స్ పార్టీయే, అన్నిటికంటే చిన్నది. 4 శాతం దాటని పార్టీకి పార్లమెంటులో చోటుండదు (ఒక నియోజకవర్గంలో 12 శాతం తెచ్చుకుంటే తప్ప). వాళ్ళకి వచ్చింది 4.6. ఆ కాస్తా తగ్గి ఉంటే ఆ ఓట్లన్నీ గాలికిపోయి ఆండర్సనే ఉండేది. అందుకే ఇక్కడ కొందరు పెద్ద పార్టీవాళ్ళు కూడా తమ జట్టులో మునిగిపోయేవాణ్ణి నిలబెట్టడానికి అటు ఓటేస్తారు. మీ ఆఫీసులో ఈ 4 శాతం మాట ఎన్నిసార్లొస్తుందో గమనించు.

స్టావంగర్_రావు

అక్కగారు స్వీడన్ సంగతి పూర్తిగా చెప్పారు. నార్వే ముక్క ఒకటి కలుపుతా, మొన్న 2025 సెప్టెంబర్‌లోనే అయ్యాయి కాబట్టి. లేబర్ పార్టీకి 28 శాతం, 169లో 53 సీట్లు. ప్రోగ్రెస్ పార్టీకి 47. ఇంకో నాలుగు చిన్న పార్టీలు కలిస్తే లేబర్ వైపు 88, అటు 81. కానీ ప్రభుత్వంలో కూర్చున్నది లేబర్ ఒక్కటే, 53 మందితో. యూనాస్ గార్ స్టోరే ప్రధాని. ప్రతి బిల్లుకీ ఆ నాలుగిళ్ళూ తిరగాలి.

ఇక్కడ సభని మధ్యలో రద్దు చెయ్యడమన్నదే లేదు. నాలుగేళ్ళంటే నాలుగేళ్ళే. 2025 జనవరిలో యూరప్ కరెంటు నిబంధనల మీద పేచీ వచ్చి సర్కారులో భాగస్వామి అయిన సెంటర్ పార్టీ బయటికిపోతే, ఎన్నికలు పెట్టే దారి లేదు కాబట్టి లేబర్ ఒంటరిగానే నడిపింది. నాటోలో పదేళ్ళు చేసొచ్చిన స్టోల్టెన్‌బర్గ్‌ని పిలిచి ఆర్థిక శాఖ ఇచ్చారు.

ఇంకో తమాషా: సీట్లు పంచేటప్పుడు జనాభాతోపాటు నేలకి కూడా మార్కులుంటాయి. మనిషికి 1, చదరపు కిలోమీటరుకి 1.8. ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో మనుషులు తక్కువైనా మంచు నేల బోలెడు, అందుకని సీట్లకి లోటు లేదు. 2021లో అక్కడ ఆల్టా ఊరికి ఆసుపత్రి కావాలంటూ లేచిన చిన్న పార్టీ ఒక సీటు కొట్టేసింది. ఇక్కడ 4 శాతం హద్దు సర్దుబాటు సీట్లకే (దేశం మొత్తం ఓట్లు చూసి చివర్లో పంచేవి), నియోజకవర్గం సీటుకి కాదు. లేకపోతే వాళ్ళ ఆశ ఆశగానే ఉండేది.

ఎస్పో_పద్మ

ఫిన్లాండ్‌లో పద్ధతి వేరండి. పార్టీకి కాదు, మనిషికే ఓటు. ప్రతి అభ్యర్థికీ ఒక నంబరు, ఆ నంబరు కాగితం మీద మనమే రాయాలి. అందుకే గోడల మీద మొహం పక్కన పార్టీ పేరుకంటే నంబరే పెద్దగా కనిపిస్తుంది. 4 శాతం లాంటి హద్దు కూడా లేదు. పెద్ద పార్టీ నాయకుడే ముందు ప్రయత్నించడం ఇక్కడి అలవాటు. 2023 ఏప్రిల్‌లో 48, 46, 43 అని మూడు పార్టీలు పక్కపక్కనే ఆగాయి. అప్పటి ప్రధాని సన్నా మారిన్ పార్టీకి సీట్లు 40 నుంచి 43కి పెరిగినా మూడో స్థానానికే పడి పదవి పోయింది. స్వీడన్‌లో మూడో స్థానంవాడికి పీఠం, మా దగ్గర మూడో స్థానంవాళ్ళు ఇంటికి.

సివిక్స్_మాస్టారు

రాజమండ్రి నుంచి రాస్తున్నాను. రిటైరయిన లెక్చరర్ని. అమ్మా మేలారెన్, వివరం బాగుంది గానీ నాకొకటి మింగుడు పడటం లేదు. జనం అందరికంటే ఎక్కువ ఓట్లిచ్చిన పార్టీని పక్కన కూర్చోబెట్టి, నలుగురు ఒక కోటలో కూర్చుని పంచుకుంటే దాన్ని ప్రజాతీర్పు అంటారా? మన దగ్గర ఇదే జరిగితే బేరసారాలని పేపర్లు ఉతికి ఆరేస్తాయి. అదీగాక 176, 173 అంటే ఇద్దరు గోడ దూకితే సర్కారు ఢమాల్. అక్కడ ఫిరాయింపుల చట్టం ఉందా?

మేలారెన్_ఒడ్డున

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగిన తీరు మా నాన్నగారిని గుర్తుచేసింది, కాబట్టి కాస్త చనువుగా వాదిస్తాను.

"అందరికంటే ఎక్కువ" అంటే ఎంత? నూటికి ముప్పై. 2014లో మన దేశంలో బీజేపీకి వచ్చింది 31 శాతం, లోక్‌సభలో సీట్లు 282, సగానికి పైనే. ఇక్కడ సోషల్ డెమోక్రాట్లకు 30.3 శాతం వస్తే 349లో 107 ఇచ్చారు, అంటే ఎన్ని ఓట్లో అన్నే సీట్లు. 310 సీట్లు నియోజకవర్గాల్లో పంచాక ఇంకో 39 చేతిలో ఉంచుకుని, దేశం మొత్తం మీద ఎవరికి తగ్గాయో చూసి సర్దుతారు. మిగతా డెబ్బై మందికి కూడా సభలో మనుషులుంటారు. వాళ్ళలో సగానికి పైగా ఒక మాట మీదికొస్తే దాన్ని తీర్పు కాదని ఎలా అంటాం? పైగా ఎవరు ఎటువైపో పోలింగుకి ముందే ఊరంతటికీ తెలుసు.

మంత్రి పదవుల్లేకుండా బయటనుంచి మోయడం మనకి కొత్తా మాస్టారూ? 1999లో తెలుగుదేశం 29 మంది ఎంపీలతో వాజ్‌పేయి ప్రభుత్వాన్ని అలాగే మోసింది. మంత్రులు లేరు, స్పీకర్ మాత్రం మన బాలయోగి గారు. అప్పుడు ఏం ఇచ్చారు, ఏం పుచ్చుకున్నారన్నది మనం పేపర్లలో ఊహించుకుని చదివేవాళ్ళం. టిడో ఒప్పందం మాత్రం ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు. నాకు అందులో చాలా పేజీలు నచ్చవు, మా బళ్ళో పిల్లల తల్లిదండ్రుల్ని తలుచుకుంటే కొన్నిటికి కడుపు మండుతుంది కూడా. కానీ ఏ పేజీ మీద కోపమో వేలుపెట్టి చూపించగలను.

ఫిరాయింపుల చట్టం లేదు. సీటు మనిషిదే, పార్టీది కాదు. పార్టీ వదిలేసినా ఎన్నికలదాకా స్వతంత్రంగా కూర్చోవచ్చు. అమీనే కకాబావే అని ఒకావిడ లెఫ్ట్ పార్టీ తరఫున గెలిచి 2019లో బయటికొచ్చి అలాగే కొనసాగింది. 2022 జూన్‌లో న్యాయ మంత్రి మోర్గన్ యోహాన్‌సన్ మీద అవిశ్వాసం పెడితే 174 ఓట్లు పడ్డాయి, కావాల్సింది 175. ఆవిడ ఎటూ వెయ్యకుండా ఊరుకోవడంతో మంత్రి మిగిలాడు. చట్టం లేకపోయినా రోజూ గోడ దూకుళ్ళు ఎందుకుండవంటే, జాబితాలో పేరు పెట్టేది పార్టీ, దూకితే వచ్చేసారి పేరుండదు. ఒక సభ్యుడు జబ్బు పడితే ఎదుటివైపు ఒకరు కూడా ఓటింగుకి రాకుండా జతకట్టే ఏర్పాటు కూడా పార్టీల మధ్య ఉంది, లెక్క చెడకుండా.

ఇంకొకటి మీకు నచ్చుతుంది. సభలో పార్టీల వారీగా కూర్చోరు, జిల్లాల వారీగా కూర్చుంటారు. మా జిల్లా సోషల్ డెమోక్రాట్, మా జిల్లా స్వీడన్ డెమోక్రాట్ ఒకే వరసలో మోచేతులు తగిలేలా కూర్చుంటారు. అరుపులు తగ్గడానికి అదొక కారణమని నా అనుమానం.

మధ్యంతర ఎన్నికల భయం కూడా తక్కువే. పెట్టుకోవచ్చు గానీ గెలిచిన సభకి ఉండేది మిగిలిన కాలమే, అసలు ఎన్నికలు మళ్ళీ వాటి తేదీకి రావాల్సిందే. అంత ఖర్చు పెట్టి ఏడాది కోసం ఎవడు పోరాడతాడు? 1958 తర్వాత ఇప్పటిదాకా జరగలేదు. 2014 డిసెంబర్‌లో లొవేన్ పెడతానని ప్రకటించి, పార్టీలు ఒక ఒప్పందానికి రాగానే వెనక్కి తీసుకున్నాడు.

సివిక్స్_మాస్టారు

చనువు తీసుకున్నందుకు సంతోషమమ్మా. మూడొంతులు ఒప్పుకున్నాను. కోట సంగతి మాత్రం ఒప్పుకోను. ఇంకో మాట: సరిగ్గా సగం సగం వస్తే?

మేలారెన్_ఒడ్డున

వచ్చింది మాస్టారూ! 1973లో. అప్పుడు సభలో 350 సీట్లు. అటు 175, ఇటు 175. ఓట్లు సమానమైనప్పుడల్లా చీటీలు తీసి తేల్చారు. ఆ తర్వాత ఎన్నికలకల్లా ఒక సీటు తగ్గించి 349 చేసుకున్నారు.

కిస్టా_కుర్రాడు

అక్కా, దండం. రేపు కాఫీ దగ్గర నేనే క్లాస్ చెప్త. కానీ నా ఓటు సంగతి మిగిలిపోయింది.

మేలారెన్_ఒడ్డున

అవును కదా, మాటల్లో పడి వదిలేశాను. పార్లమెంటుకి పౌరసత్వం ఉంటేనే ఓటు. మున్సిపాలిటీకి, ప్రాంతీయ సభకి పౌరసత్వం అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్, నార్డిక్ దేశాలవాళ్ళకైతే ఇక్కడ నమోదై ఉంటే సరిపోతుంది. మనలాంటివాళ్ళు పోలింగు రోజుకి ముందు మూడేళ్ళు వరసగా ఇక్కడి జనాభా రిజిస్టరులో ఉండాలి. నువ్వొచ్చింది 2024 ఏప్రిల్. ఎన్నికలు 2026 సెప్టెంబర్ 13. నీకు మూడేళ్ళు నిండవు, కాబట్టి ఈసారి ఏ రంగు కాగితమూ లేదు. ఈసారికి లేదన్న ఆయనే కరెక్టు. మూడేళ్ళు నిండాక మున్సిపాలిటీకి, ప్రాంతీయ సభకి వస్తుంది కాబట్టి ఉందన్న ఆయనా సగం కరెక్టే.

ఆ ఆదివారం రాత్రి 8 తర్వాత మీ దగ్గర్లోని ఏ పోలింగ్ కేంద్రానికైనా వెళ్ళి లెక్కింపు చూడు. ఎవరూ ఆపరు. తినడానికి ఏదైనా పట్టుకెళ్ళు, ఆలస్యమవుతుంది.